గిజిగాడి నాణేనికి మూడు ఉత్తరాలు

అనగనగా, ఉత్తరాలు మనుషుల కాళ్ళ మీద నడిచి వెళ్ళే కాలంలో, కొండల నడుమ నెమలికొండ అనే ఊళ్ళో పోలిశెట్టి అనే కుంకుడుకాయల వర్తకుడు ఉండేవాడు. అతనికి పాత నాణేలంటే ప్రాణం.

పూర్వం ఆ రాజ్యాన్ని ఏలిన ఒక రాణి తొమ్మిది బంగారు నాణేలు వేయించింది. ఒక్కోదాని మీద ఒక్కో పిట్ట. ఎనిమిది పిట్టలు పోలిశెట్టి దగ్గరికి చేరాయి. తొమ్మిదోది గిజిగాడు. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఒక వానాకాలం కబురు వచ్చింది. ఆరు రోజుల దూరంలోని రేవుపట్నంలో, ముమ్మడమ్మ అనే ఆవిడ నడిపే వేలంశాలకు గిజిగాడి నాణెం వచ్చిందట. కార్తీక పున్నమి నాడు వేలం.

పోలిశెట్టి వెళ్ళలేడు. వారం కిందటే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చిన్ననాటి స్నేహితుడు తిప్పన వైద్యుడు రోజూ వచ్చి కట్టు సరిచేస్తున్నాడు.

ఐతే ముమ్మడమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. రాలేనివారు ఎంతవరకు ఇవ్వగలరో రాసి, లక్కముద్ర వేసి, సొమ్ముతో సహా పంపవచ్చు. ఆ ఉత్తరాలను వేలం నాడే తెరిచి, వారి తరఫున ఆవిడే పాట పాడుతుంది.

పోలిశెట్టి వంద వరహాల వరకు అని రాశాడు. నౌకరు ఎల్లన్న ఉత్తరాన్నీ సొమ్ము పెట్టెనూ మోసుకుపోయాడు.

ఆ రోజు నుంచి పోలిశెట్టికి అన్నం సహించలేదు. వాన పడితే ఉత్తరం తడిసిందేమో అనుకున్నాడు. వాన ఆగితే దొంగలు బయలుదేరారేమో అనుకున్నాడు.

పన్నెండు రోజులకు రేవు నుంచి గాజులమ్మే మనిషి వచ్చాడు. "అక్కడంతా గిజిగాడి ముచ్చటే. ఎవరో కొండవైపు ఆసామి వంద వరహాలు పంపాడట" అన్నాడు.

పోలిశెట్టి చటుక్కున లేచి కూర్చున్నాడు. "నాతో సమానంగా ఇంకొకడున్నాడు" అనుకుని, కొట్లోని కుంకుడుకాయలన్నీ సగం ధరకు అమ్మేశాడు. రెండు వందల వరకు అని రెండో ఉత్తరం రాసి, అప్పుడే తిరిగొచ్చిన ఎల్లన్న చేత ఇంకో వంద వరహాలు పంపాడు.

మళ్ళీ పన్నెండు రోజులు గడిచాయి. ఈసారి ఉప్పు బేరగాడు వచ్చాడు. "ఆ కొండవైపు ఆసామి ఇప్పుడు రెండు వందలకు పెంచాడట" అన్నాడు.

పోలిశెట్టి భార్య కామసాని ఆ మాట విని కాసేపు ఆలోచించింది. "మీరు వంద పంపితే అతనూ వందే. మీరు రెండు వందలంటే అతనూ రెండు వందలే. రేవులో సుంకంవాళ్ళు ప్రతి పెట్టెనూ విప్పి లెక్కపెడతారు కదండీ. వాళ్ళు చెప్పుకునే ఆసామి మీరే కావచ్చు."

"నీకు తెలియదు, ఊరుకో" అన్నాడు పోలిశెట్టి. "కొండల్లో నాణేల రుచి తెలిసినవాడు నేను కాక ఒక్కడే ఉన్నాడు. తిప్పన. రోజూ నా పక్కన కూర్చుని నా పాట ఎంతో కనిపెడుతున్నాడు."

మర్నాడు తిప్పన రాగానే, "ఇక నీ వైద్యం చాలు" అన్నాడు.

తిప్పన తెల్లబోయాడు. "ఎముక ఇంకా కుదురుకోలేదు పోలీ. ఇప్పుడు కట్టు వదులైతే వంకరగా అతుక్కుంటుంది."

"నా కాలు సంగతి నేను చూసుకుంటాను."

తిప్పన మందుల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పోలిశెట్టి ఎడ్లను అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి, నాలుగు వందల వరకు అని మూడో ఉత్తరాన్నీ ఇంకో రెండు వందల వరహాలనూ ఎల్లన్న చేత పంపి, వేలం అయ్యేదాకా అక్కడే ఉండమన్నాడు.

వేలానికి మూడు రోజుల ముందు మూడో కబురు వచ్చింది. కొండవైపు ఆసామి నాలుగు వందలకు ఎక్కాడట. ఇక అమ్మడానికి ఏమీ లేదు. అమ్మినా ఉత్తరం అందే వేళ లేదు. పోలిశెట్టి గోడకు ఆనుకుని, వాకిలి వైపే చూస్తూ రోజులు వెళ్ళదీశాడు. కామసాని తనకు తోచినట్టు కట్టు కట్టేది.

పున్నమి దాటిన ఆరో రోజున ఎల్లన్న మూడు పెట్టెలతో వచ్చాడు. మొదటి పెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టిన గిజిగాడి నాణెం ఉంది.

"ఎంతకు?" అని అడిగాడు పోలిశెట్టి.

"నలభై ఒక్క వరహాలకు, దొరా. పాట నలభై దగ్గరే ఆగింది. మీ మొదటి ఉత్తరమే సరిపోయింది. మిగతా రెండూ విప్పలేదు. 'మూడు పెట్టెల సొమ్ముంది, నూరు దాకా లాగొచ్చు కదా' అన్నాడు గుమాస్తా. 'నా మొహం చూడకుండా నన్ను నమ్మినవాడి పెట్టెలో చెయ్యి పెట్టను' అంది ముమ్మడమ్మ."

"మరి ఆ కొండవైపు ఆసామి?"

ఎల్లన్న తల గోక్కున్నాడు. "నేనూ అడిగాను. కొండవైపు నుంచి వచ్చిన పెట్టెలు మూడేనట. మూడూ నేను మోసినవే."

పోలిశెట్టి కూర్చున్నచోటే మిగిలిన సొమ్ము లెక్కపెట్టాడు. తరవాత ఇల్లు విడిపించుకున్నాడు. ఎడ్లను రెట్టింపు ధరకు తిరిగి కొన్నాడు. కాలు మాత్రం వంకరగానే అతుక్కుంది.

చేతికర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి రోజున కుంటుతూ తిప్పన ఇంటికి వెళ్ళాడు. తిప్పన ఆ కాలు తడిమి చూసి, "దీన్ని ఇప్పుడు నేను సరిచెయ్యలేను" అన్నాడు.

"తెలుసు. దానికోసం రాలేదు" అన్నాడు పోలిశెట్టి. "నిన్ను దొంగలా చూశాను. మన్నించమని అడగడానికి వచ్చాను."

తిప్పన అతను కూర్చోవడానికి పీట లాగి వేశాడు.

కంటికి కనబడని పోటీదారుకు భయపడేవాడు తనతో తానే పోటీపడి, తనవారినే దూరం చేసుకుంటాడు.