వంశం పెట్టె బరువు

అన్యాయం జరిగింది రాసే ఆమెకు. జరిగింది 2019 జూన్ 9, ఆదివారం, పొద్దున టిఫిన్ల వేళ.

ఆ రోజు ఆ ఇంట్లో పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చింది. దాంట్లో ఉన్న సామానంతా దీంట్లోకి మోయాలి. ఇంటాయన దర్జాగా కూర్చుని మోయించాడు. అన్నీ వెళ్లాయి. ఆమె రాసుకున్న పుస్తకం వంతు వచ్చేసరికి, కొత్త కంప్యూటర్ గుమ్మంలో ఉన్న కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేరు పొడుగైంది. పట్టదు."

కాపలావాడు ఎప్పుడూ అనేది ఆ ఒక్క మాటే. ఆ మాట కింద రెండు బటన్లు చూపిస్తాడు. ఒకదాని మీద 'మళ్లీ' అని ఉంటుంది. రెండోదాని మీద 'వదిలేయి' అని ఉంటుంది.

ఇంటాయన 'వదిలేయి' నొక్కాడు. చేతిలో ఇడ్లీ ముక్క జారకుండా మరీ నొక్కాడు.

ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి పాత కంప్యూటర్ పాత సామాన్లవాడి బండెక్కి వీధి మలుపు తిరిగిపోయింది. "చిన్నాచితకా ఏవో ఒకటీ అరా రాలేదులే," అన్నాడు ఇంటాయన. ఆమె ఏడవలేదు. కొత్తదాని ముందు కూర్చుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. మొదటిసారి మర్యాద కోసం మింగేసిన మాటలు రెండోసారి మింగలేదు. అంచేత పుస్తకం ఇంకాస్త లావెక్కింది. దానికి 'నేను చూసిన మనుషులు' అని పేరు పెట్టుకుంది.

పెట్టుకోవడానికి చోటు మాత్రం పాతదే. "మన వంశం పెట్టెలో పెట్టుకో. మనలో మనకి వేరే పెట్టెలెందుకు?" అన్నాడు ఇంటాయన.

వంశం పెట్టె అంటే ఆయనకి ప్రాణం. చుట్టాలొస్తే దాని మీద నొక్కి బరువు చూపించేవాడు. "ఈ కంప్యూటర్ మొత్తంలో ఇంత బరువైన పెట్టె ఇంకోటి లేదు. పైగా ఏటా పెరుగుతోంది చూశారా! తాతల నాటి ఘనతంటే అదీ," అనేవాడు. చుట్టాలు కాఫీ తాగుతూ తలలూపేవాళ్లు. పెట్టె తెరవమని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఐదేళ్లకి మళ్లీ అలాంటి ఆదివారమే వచ్చింది. ఇంకో కొత్త కంప్యూటర్ బల్లెక్కింది. పాత సామాన్లవాడు గేటు దగ్గర బండి ఆపుకుని నిలబడ్డాడు. ఈసారి మౌస్ ఆమె చేతిలో ఉంది.

"నా పుస్తకం నేను మోసుకుంటాను. మీరు టిఫిన్ కానివ్వండి," అంది.

గుమ్మంలో అదే కాపలావాడు. కంప్యూటర్లు మారతాయి గానీ వాడు మారడు.

"పేరు పొడుగైంది. పట్టదు."

ఆమె 'మళ్లీ' నొక్కింది. అదే మాట. కంప్యూటర్ ఆపి, కాసేపాగి, మళ్లీ వేసి నొక్కింది. అదే మాట.

"పేరు కుదించు," అన్నాడు ఇంటాయన, చట్నీ అద్దుకుంటూ. "పుస్తకానికి అంత పేరేమిటి, శుభలేఖలాగా?"

కుదించింది. 'నేను' తీసేసింది. 'చూసిన' తీసేసింది. తీసేసి తీసేసి చివరికి 'మ' అని ఒక్క అక్షరం మిగిల్చింది.

"పేరు పొడుగైంది. పట్టదు."

"వదిలెయ్యవే బాబూ," అన్నాడు ఇంటాయన. "మళ్లీ రాసుకుందువుగానిలే. నీకు అలవాటేగా."

గేటు దగ్గర్నుంచి కేక వినబడింది. "అమ్మగారూ, ఆ పాతది ఇస్తారా ఇవ్వరా? ఎండ మాడు పగలగొడుతోంది!"

"ఉండవయ్యా! ఎండ నీ ఒక్కడికే కాస్తోందా?" అని ఆమె కాపలావాడి మీదికి తిరిగింది. "ఒక్క అక్షరం పట్టని గుమ్మం ఏం గుమ్మమయ్యా నీది? అసలు నువ్వు చదువుతున్న పేరేమిటో పైకి చదువు. మొదట్నుంచీ, మొత్తం."

ఇన్నేళ్లలో కాపలావాణ్ణి ఆ మాట అడిగినవాళ్లు లేరు. అందరూ రెండు బటన్లలో ఏదో ఒకటి నొక్కేసి పోయినవాళ్లే. వాడు గొంతు సవరించుకున్నాడు.

"'ఇంటి యజమాని గారి నూతన కంప్యూటరు సమస్త ఆస్తి' లోపల, 'శ్రీ శ్రీ శ్రీ ముత్తాతగారి అఖండ వంశ వైభవ ప్రకాశిక' లోపల, 'ప్రస్తుత వంశోద్ధారకుల వారి సాహిత్య సాంస్కృతిక వ్యవహారములు' లోపల, 'గృహ సంబంధమైన ఇతర చిల్లర విషయములు' లోపల, 'ఆడవారి కాలక్షేపములు' లోపల, 'తీరిక దొరికినప్పుడు చూడవలసినవి' లోపల..."

"ఇందులో నాదెక్కడయ్యా?"

"వస్తున్నానమ్మా, ఊపిరి తీసుకోనీ. ఆ లోపల... 'మ'."

ఆమెకి నవ్వొచ్చింది. పొడుగంతా ఎవరిది, కోత పడింది ఎవరికి!

ఇంటాయన చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "ఆ పేర్లు ముట్టుకున్నావంటే ఊరుకోను! పెద్దలవి!"

"నేనెందుకు ముట్టుకుంటాను? ఒక్క అక్షరం అరగదు. అలాగే పెట్టుకోండి, పసుపు రాసి."

ముందు తన పుస్తకానికి తన పేరు తిరిగి పెట్టింది, మూడు మాటలూ వరసగా. తర్వాత ఒక్కో పెట్టే తెరుచుకుంటూ అడుగు పెట్టె దాకా వెళ్లి, పుస్తకాన్ని ఒక్కదాన్నే పైకి లాగింది. కొత్త కంప్యూటర్‌లో ఏ పెట్టెలోనూ కాకుండా, తిన్నగా నేల మీదే చోటు చూపించింది.

కాపలావాడు కంగారుపడ్డాడు. "అమ్మా, దీని ముందు ఎవరి పేరూ లేదే. ఇది ఎవరి తాలూకు?"

"రాసినదాని తాలూకు. పడుతుందా, పట్టదా?"

వాడు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "పడుతుందమ్మా. ఇంకో పది పేర్లు పెట్టుకున్నా పడుతుంది. నకలు తీసి పంపమంటారా, ఉన్నదే పంపమంటారా? నకలైతే పాత చోట కూడా ఒకటి ఉంటుంది."

"ఉన్నదే పంపు. అక్కడ నా కామా కూడా మిగలకూడదు."

చెయ్యి అడ్డం తీశాడు. పుస్తకం తల వంచకుండా గుమ్మం దాటింది. ఆమె కొత్తదాంట్లో తెరిచి మొదటి పేజీ చూసుకుంది, చివరి పేజీ చూసుకుంది. అప్పుడు కుర్చీలోంచి లేచింది.

"నీ సరదా తీరిందిగా," అన్నాడు ఇంటాయన. "ఇక వంశం పెట్టె పంపించు. నెమ్మదిగా, బరువైనది."

"మీ పెద్దలది, మీరే మోయండి," అని కుర్చీ ఆయన వైపు జరిపింది.

ఆయన చొక్కా చేతులు మడిచి, కూర్చుని నొక్కాడు. కాపలావాడు నడుం బిగించి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి పెట్టెను ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే వెనక్కి తూలాడు.

"ఏమిటయ్యా, పేరు పొడుగైందా?" అన్నాడు ఇంటాయన, కాస్త గర్వంగానే.

"పేరుకేం లోటు లేదయ్యా," అన్నాడు కాపలావాడు.

గేటు దగ్గర పాత సామాన్లవాడు బండి గంట వాయిస్తున్నాడు. కాపలావాడు పెట్టెను ఒంటి చేత్తో పట్టుకుని, గుమ్మం దాటే ప్రతి సామానుకీ రాసినట్టే దీనికీ తెర మీద రాశాడు:

2024 మే 12, ఆదివారం. శ్రీ శ్రీ శ్రీ ముత్తాతగారి అఖండ వంశ వైభవ ప్రకాశిక. లోపల పెట్టెలు: నాలుగు. బరువు: సున్నా.