జమీందారు కారుకు కొత్త దీపాలు

చింతలమెట్ట జమీందారు వీరభద్రరాజుగారి ముసలి కారు ముందు దీపాలు మిణుగురులతో పోటీపడి ఓడిపోయేవి. వాటిని మార్చడం తెలిసిన మనిషి జమీ మొత్తానికి ఒక్కతే, అచ్చియ్యమ్మ. పెద్దవీధిలో ఆమెకు మోటారు షెడ్డుంది.

ఆ షెడ్డే రాజుగారికి కంట్లో నలుసు. "ఆడది ముందుకు రాకూడదు, వెనకే ఉండాలి. పౌర్ణమిలోగా షెడ్డు వెనక సందులోకి మార్చెయ్" అని ఉత్తర్వు వేశారు. సిగ్గుపడకుండా ఆ వారమే కారూ పంపించారు, కలెక్టరుకి ఎదురెళ్ళాలి, కొత్త దీపాలు బిగించమని.

చీకటి పడే వేళకు రాజుగారు పరివారంతో షెడ్డుకి వచ్చి కారెక్కారు. డ్రైవరు పోలయ్య మీట నొక్కాడు. ముందంతా చీకటి. కారు వెనక నిలబడ్డ పరివారం మాత్రం "అమ్మో!" అంటూ కళ్ళు మూసుకుంది.

"దీపాలు వెనక బిగించావేమే! మతిపోయిందా?"

"మీ దివాణంలో దీపాన్ని మహాలక్ష్మి అనే కదండీ మొక్కుతారు? ఎంత లక్ష్మైనా ఆడదే కదా దొరగారూ. మీ ఉత్తర్వు ప్రకారం వెనక పెట్టాను."

"వెనక వెలిగితే దారెలా కనిపిస్తుంది? ముందుండాల్సిందే!"

"ఆ మాటే, ఆడది ముందుండాల్సిందేనని, కాగితం మీద రాసివ్వండి. ఇప్పుడే మార్చేస్తాను."

పోలయ్య నవ్వాపుకోలేక హారను నొక్కేశాడు. కలెక్టరు వచ్చే వేళవుతోంది. రాజుగారు రాసిచ్చారు.

ముందుకు మార్చిన దీపాలు వెలగగానే ఆ వెలుగు పడింది పెద్దవీధి షెడ్డు మీద, అచ్చియ్యమ్మ పేరున్న బోర్డు మీద.