వానపాము చెప్పిన బావి సంగతి

ఎప్పుడో ఏడు తరాల కిందట రంగవరాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆ ఊరు చీరల అద్దకానికి పెట్టింది పేరు. అక్కడివాళ్లకి ఏరంటే దేవుడి సొత్తు. అందులో కాలు పెట్టరు, కడవ ముంచరు. తాగేది బావి నీళ్లే. అద్దకం కాగుల్లో మిగిలిన ఘాటు నీళ్లని కూడా ఏట్లో కలపకుండా, ప్రతి అమావాస్యకీ ఊరిచివర గుంటలో పోసి, పసుపు చల్లి దణ్ణం పెట్టేవారు. అంతా భూదేవి తాగేస్తుందని వాళ్ల నమ్మకం.

అంత శుభ్రమైన ఊళ్లో జనం ఒక్కొక్కరే మంచం పట్టారు. చివరికి రాణి కూడా పడింది.

"ఇది ఏడు సముద్రాల అవతలి జటిల మాంత్రికుడి పని. వాడి ప్రాణం చిలకలో ఉంది. దాన్ని చంపితే మీ అమ్మ లేస్తుంది," అన్నాడు రాజు.

పెద్దవాడు మొదటి సముద్రం చూసి తిరిగొచ్చాడు. రెండోవాడు మూడో సముద్రం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మూడోవాడు మణికేతు బయల్దేరాడు.

బావి పక్కన ఎండలో ఒక వానపాము గిలగిల్లాడుతోంది. మణికేతు జాలిపడి, తడిమట్టితో సహా ఆకులో చుట్టి తలపాగాలో పెట్టుకున్నాడు. ఒడ్డున కనబడిన ఒక పెద్ద తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు.

మాంత్రికుడు వంగమొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. మణికేతు చటుక్కున చిలకని పట్టుకున్నాడు.

"మా అమ్మని బాగుచేస్తావా, దీని మెడ విరవనా?"

"విరిస్తే నేను పోతాను. మీ అమ్మ మాత్రం లేవదు. మీ ఊరు ఏ దిక్కునుందో కూడా నాకు తెలీదురా అబ్బాయ్."

"నిజమే బాబూ," అంది చిలక. "ఈయన అబద్ధమాడితే నాకు ఎక్కిళ్లొస్తాయి. ఇప్పుడు రావడంలేదుగా."

మణికేతుకి బుర్ర తిరిగిపోయింది. మాంత్రికుడు కాకపోతే మరెవరు? నాన్న పొరబడ్డాడా? ఈ చిలక బొంకుతోందా?

తలపాగాలోంచి వానపాము తల బయటపెట్టింది. "ఇక్కడి మట్టి కమ్మగా ఉంది నాయనా. మీ ఊరి మట్టి ఒకటే మంట. ఆ గుంటలో పోసిందే బావిలోకి దిగుతోంది."

"గుంటెక్కడ, బావెక్కడ? మధ్యన అంత నేలుందే!"

"చిల్లికుండలో ఇసక నింపి, రంగు పోసి చూడు. మంత్రమక్కర్లేదు," అన్నాడు మాంత్రికుడు.

మణికేతు చిలకని వదిలేసి ఇంటికొచ్చి, కొలువులో కుండ వేలాడదీసి ఎర్రరంగు పోశాడు.

"చూశావా, భూదేవి తాగేసింది," అన్నాడు రాజు.

కాసేపటికి కుండ అడుగునుంచి ఎర్రగా ఒక చుక్క పడింది. తరవాత ఇంకొకటి.

రాజు అయోమయంగా చూశాడు. "మరి మనం దణ్ణం కూడా పెట్టామే!"

ఆ పూటే మణికేతు భయం భయంగా ఏట్లో కడవ ముంచి అమ్మకి తాగించాడు. నెల తిరిగేసరికి రాణి లేచి కూర్చుంది. అది చూసి ఊరంతా ఏటి నీళ్లే తాగి కోలుకుంది. అద్దకంవాళ్ల పెద్దమనిషి కూతురు చెంగావి, "మిగిలిన నీళ్లని గచ్చు తొట్టిలో ఎండబెడదాం. అడుగున మిగిలే మడ్డి మళ్లీ రంగుకి పనికొస్తుంది," అంది. గుంట పూడ్చేశారు. మణికేతు ఆ పిల్లనే పెళ్లాడి రాజయ్యాడు.

బావి మాత్రం ఒక్కరోజులో బాగుపడలేదు. ఏటేటా తొలకరికి మణికేతు వానపాముని బావి పక్కన వదిలేవాడు. అది కాస్త దూరి, "ఇంకా మంటే నాయనా," అని వెనక్కొచ్చేది. పన్నెండో ఏడు మణికేతూ చెంగావీ పొద్దుగూకేదాకా గొడుగేసుకుని కూర్చున్నారు. అది మళ్లీ పైకి రాలేదు.

మర్నాడు బావిలో కడవ ముంచారు. ఆ నీళ్లు తాగి, ఆ దంపతులు తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు.