పేర్రాజుగారి మందుసీసా

మా గురువుగారు చయనులుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, లోపలికి తిరిగి "అక్కయ్యా, కాస్త మజ్జిగ" అని కేకేసేవారు. మజ్జిగ వచ్చి, ఆయన నింపాదిగా తాగి, గ్లాసు కింద పెట్టేలోగా అడిగినవాడికి తన ప్రశ్నలో సగం అనవసరమని తోచేది. మిగిలిన సగానికి ఆయన జవాబు చెప్పేవారు. రాజమండ్రిలో వాళ్ళింటి వీధిగదిలో ఆదివారాలు ఉపనిషత్తు పాఠానికి చేరే మాకందరికీ ఈ మజ్జిగ సంగతి తెలుసు. అందుకని అడగబోయేముందు ఎవరి ప్రశ్నని వాళ్ళే ఒకసారి వడకట్టుకునేవాళ్ళం.

వియ్యన్నగారికి ఆ వడకట్టడం చేతకాదు. ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ వాళ్ళ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. భార్య భ్రమరాంబగారు నిరుడు కాలంచేశారు. అప్పట్నించే ఆయన పాఠానికి రావడం. వైరాగ్యం అన్నమాట చెవిన పడితే చాలు, చాప మీద ముందుకి జరిగి కూర్చునేవారు. ఆవిడ చీరలన్నీ పంచిపెట్టేశానని ఒక వారం చెప్పారు. హాల్లో ఫోటో దించి అటకెక్కించానని ఇంకో వారం. ఆవిడ పెంచిన జాజిపందిరి పీకించేశారట. కాఫీ ఫిల్టరు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని ఏకంగా కాఫీయే మానేశారట. మెట్టు మెట్టుకీ మోక్షం దగ్గరపడుతున్నట్టు ఆయన ఇవన్నీ చెబుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళుమండేది. జాజిపందిరి ఏం పాపం చేసిందండీ అని అడగాలని నోటిదాకా వచ్చేది.

ఆ ఆదివారం పాఠం మొదలవకముందే ఆయన జేబులోంచి ఫోను తీసి గురువుగారి ముందు పెట్టి, ఏదో నొక్కారు. ఒక ఆడగొంతు వినబడింది. "ఏవండీ, వచ్చేటప్పుడు కరివేపాకు మర్చిపోకండి. నిన్న కూడా మర్చిపోయారు." వెనకాల కుక్కర్ కూత, అంతే. అందరం తలలు దించుకున్నాం.

"అన్నీ తీసేశానండి గురువుగారూ, ఇదొక్కటే మిగిలింది" అన్నారు వియ్యన్నగారు. "రోజూ పొద్దున్నే వింటాను. విన్నాక ఆ పూట ఇంకేమీ చెయ్యలేను. ఇది కూడా చెరిపేస్తే ఈ బెంగ పూర్తిగా పోతుందా? మీరు ఊఁ అంటే ఇప్పుడే, మీ ఎదురుగానే చెరిపేస్తాను."

మాటైతే గట్టిగానే అన్నారు గాని ఫోను మీద ఉన్న ఆయన వేలు వణుకుతోంది. ఆయన మీద నాకున్న చిరాకంతా ఆ వేలుని చూడగానే ఎటో పోయింది. ఒక్కమాటతో ఆ గొంతు ఈ లోకంలోంచి పోతుంది, ఇక ఎవరూ తెచ్చిపెట్టలేరు. గురువుగారు కళ్ళజోడు తీశారు. మజ్జిగకి కేకేశారు. మజ్జిగ రాలేదు. రెండోసారి పిలిచారు. లోపల్నించి వాళ్ళక్కగారి గొంతు మాత్రం వచ్చింది.

"తమ్ముడూ, జున్ను లేవట్లేదురా."

జున్ను అంటే పిల్లి. చక్కెర జబ్బున్న పిల్లికి జున్నని పేరుండటం ఆ ఇంట్లో పాత హాస్యం. అది గురువుగారి అక్క మాణిక్యాంబగారి భర్త పేర్రాజుగారి పిల్లి. ఆయనకీ చక్కెరే. తరవాత కొన్నాళ్ళకి దానికీ వచ్చింది. ఇక వాళ్ళింట్లో రెండు పూటలా ఒకటే తంతు. ముందు పిల్లికి గిన్నెలో తిండి పెట్టేవారు, అది సుబ్బరంగా తినేదాకా పక్కన కూర్చునేవారు, తిన్నాక తను సూది వేసుకుని, దాని మెడ వెనక తోలు మెల్లిగా ఎత్తి దానికీ వేసేవారు. "మనిద్దరిదీ ఒకటే పత్యంరా" అనేవారట దానితో. మాఘమాసంలో ఆయన పోయారు. మాణిక్యాంబగారు ఒక పెట్టే, ఒక బుట్టలో జున్నూ తెచ్చుకుని తమ్ముడింటికి వచ్చేశారు. సూదంటేనే భయపడే మనిషి సూది వెయ్యడం నేర్చుకున్నారు. జున్ను మాత్రం సాయంత్రమయ్యేసరికి వీధిగుమ్మంలో కూర్చుని సందు మొగదల వైపు చూసేది. ఆ సందులో పేర్రాజుగారు నడిచింది ఎప్పుడో పండక్కో పబ్బానికో. అయినా అది చూసేది. దాని వెనక, తలుపు చాటున నిలబడి ఆవిడ కూడా చూడటం నేను ఒకసారి గమనించాను.

మేం లోపలికి వెళ్ళేసరికి అది వంటింటి గచ్చు మీద ఉంది. లేవబోతోంది, వెనక కాళ్ళు రెండూ పక్కకి జారిపోతున్నాయి. ఒళ్ళంతా సన్నగా వణుకు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడటంలేదు. పొద్దున్న తిండి తిందనీ, తిన్నాకే సూది వేశాననీ మాణిక్యాంబగారు మళ్ళీ మళ్ళీ అదేమాట చెబుతున్నారు. నేను పశువుల డాక్టరు ఝాన్సీగారికి ఫోను చేశాను. ఆవిడ తేనె వేలికి రాసుకుని చిగుళ్ళకి రుద్దమంది. నోట్లో పొయ్యొద్దు, పొలమారుతుంది అంది. రుద్దుతూనే బండెక్కి వచ్చెయ్యమంది.

మాణిక్యాంబగారి చేతికి తేనెసీసా మూత రాలేదు. వియ్యన్నగారు అందుకుని తీశారు. మోకాళ్ళ నెప్పులని చాప మీదే అవస్థపడే మనిషి గచ్చు మీద చతికిలబడి, జున్నుని ఒళ్ళోకి తీసుకుని, ఇందాక ఫోను మీద వణికిన వేలినే తేనెలో ముంచి దాని చిగుళ్ళకి రాయడం మొదలుపెట్టారు. ఆటోలో కూడా ఆ వేలు ఆపలేదు. గురువుగారు ఇంటి దగ్గరే ఉండిపోయారు. మేం ముగ్గురం వెళ్ళాం.

దారిలో మాణిక్యాంబగారు చెంగు ముడి విప్పి ఒక చిన్న సీసా చూపించారు. జున్ను మందు నిన్న సాయంత్రంతో అయిపోయింది. ఆదివారం, ఆ మందు దొరికే కొట్టు తియ్యలేదు. ఫ్రిజ్ తలుపులో, తను వెంట తెచ్చుకున్న పేర్రాజుగారి మందు ఒక సీసా, మూత ఊడదియ్యనిది, అలాగే ఉంది. ఎవరెన్నిసార్లు చెప్పినా ఆవిడ పారెయ్యలేదు. అదీ ఆ జబ్బుకే కదా అనుకుని, జున్ను సూదితోనే, ఎప్పుడూ తీసే గీతదాకానే తీసి వేశారు.

"మందు వృథా పోతుందని కాదమ్మా" అన్నారావిడ నాతో. "ఆ సీసా చేతిలోకి తీసుకుంటే ఆయనే దీనికి సూది వేస్తున్నట్టనిపించింది. ఆయన పోయాక సంతోషం వెయ్యడం ఇదే మొదలు. ఆ సంతోషమే దీన్ని చంపేస్తోంది."

వియ్యన్నగారు ఆవిడ వైపు చూశారు, మళ్ళీ వంచిన తల ఎత్తలేదు.

డాక్టరమ్మ ముందు రక్తం చూసింది. చూసి, మాతో మాట్లాడకుండా దాని ముంగాలికి సెలైన్‌లో చక్కెర ఎక్కించింది. అది కాస్త నిలదొక్కుకున్నాకే సీసా అడిగింది. సీసా మీది చీటీ వెలుతురుకి పెట్టి మాణిక్యాంబగారికి చూపించింది. జున్నుకి వాడేది మిల్లీలీటరుకి నలభై యూనిట్లుండే మందు, దాని సూది మీద గీతలు నలభైకి సరిపోయేట్టు గీసినవి. పేర్రాజుగారిది నూరు యూనిట్లది. గీత అదే అయినా లోపలికి వెళ్ళింది రెండున్నర రెట్లు. ఏ సీసాకి ఆ సూదే వాడాలనీ, ఒకరి మందు ఇంకొకరికి తనని అడగకుండా వెయ్యొద్దనీ చెప్పింది. మందు లేకపోయినా, అది తినకపోయినా, వేశామో లేదో అనుమానం వచ్చినా ఆ పూట సూది వెయ్యకుండా తనకి ఫోను చెయ్యమంది. ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు గాని, ఎక్కువ వెళ్ళిందాన్ని వెనక్కి తియ్యడం ఎవరి తరమూ కాదంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండునన్నట్టు నిలబడ్డారు మాణిక్యాంబగారు.

వియ్యన్నగారు ఒక ప్రశ్న వేశారు. "దీని జబ్బే చక్కెర కదండీ. అది పోతే నయమవ్వాలి గాని, ఇలా అవుతుందేం?"

ఆవిడ జున్ను కాలు పట్టుకునే, తల తిప్పకుండా చెప్పింది. "ఎక్కువున్నా నెలలూ ఏళ్ళూ నెట్టుకురావచ్చండి. అసలు లేకపోతే ఈ పూట కూడా బతకదు. మేం మందిచ్చేది తగ్గించడానికి, లేకుండా చెయ్యడానికి కాదు."

ఆయన తేనె అంటుకున్న వేలుని పంచెకి తుడుచుకోవడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నారు. చాలాసేపయ్యాక జున్ను తల ఎత్తింది. చుట్టూ చూసింది. ముందుగా దగ్గరున్న ఆ వేలినే నాకింది. వియ్యన్నగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆయన తుడుచుకోలేదు.

సాయంత్రం దాకా మమ్మల్ని అక్కడే ఉంచి, మధ్యమధ్య రక్తం చూస్తూ ఉండి, అప్పుడు పంపించింది డాక్టరమ్మ. ఈ పూట సూది వద్దంది. పక్కనే ఉండి కనిపెట్టమని, మళ్ళీ తూలితే వేళాపాళా చూడకుండా ఫోను చెయ్యమని చెప్పింది. పేర్రాజుగారి మందు ఇంట్లో ఉండకూడదని చెయ్యి చాపింది. మాణిక్యాంబగారు సీసా ఇచ్చారు. ఇచ్చాక, చిన్నపిల్ల అడిగినట్టు, "ఖాళీ సీసా అయినా ఇస్తావా అమ్మా?" అన్నారు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. మందు తీసేసి, సీసా కడిగి, తుడిచి, ఆవిడ అరచేతిలో పెట్టింది.

మేం ఇల్లు చేరేసరికి గురువుగారు ఉదయం కూర్చున్నచోటే ఉన్నారు. వాళ్ళక్కగారి ఒళ్ళో జున్నుని చూశాక కళ్ళజోడు తీసి పంచెతో చాలాసేపు తుడిచారు. బుట్టలో పెడితే జున్ను ఉండలేదు. మెల్లిగా దిగి, ఆగి ఆగి నడుచుకుంటూ వీధిగుమ్మంలోకి పోయి, సందు మొగదలకి మొహం పెట్టి కూర్చుంది. దాన్ని లోపలికి తెద్దామని నేను లేవబోతే గురువుగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. మాణిక్యాంబగారు పిడికిట్లో ఖాళీ సీసాతో వచ్చి, ఈసారి తలుపు చాటున కాకుండా, దాని పక్కనే గడప మీద కూర్చున్నారు.

వియ్యన్నగారు జరిగిందంతా చెప్పారు. డాక్టరమ్మ అన్నమాట కూడా పొల్లుపోకుండా చెప్పారు. ఆ తరవాత జేబులోంచి ఫోను తీసి, పొద్దున్న పెట్టినచోటే గురువుగారి ముందు పెట్టారు.

"నా ప్రశ్న అలాగే ఉండిపోయిందండి" అన్నారు.

గురువుగారు మజ్జిగ అడగలేదు. ఫోను తీసి ఆయన జేబులో తనే పెట్టి, జేబు మీద చెయ్యి అలాగే ఉంచారు.

"చీకటి పడుతోంది, బయల్దేరు నాయనా. వెళ్ళేటప్పుడు కరివేపాకు మర్చిపోకు."