చేపలవేటకు నక్క శకునం

వాగు ఎండితే ముందు చచ్చేది చేప. తర్వాత చచ్చేది చేపను నమ్ముకున్నవాడు. ఆ ఏడు రోహిణి కార్తె ఎండలకు కొండవాగు అక్కడో గుంట, ఇక్కడో గుంటగా మిగిలింది. ఆ గుంటల్లో చేపలు కూడా అయిపోయాక, ఒడ్డున కాపురముండే నీటికుక్క నూకరాజుకు నిద్ర కరువైంది. పెళ్ళాం పచ్చి బాలింత. తిండి లేక ఆవిడకు పాలు పడటం లేదు. పిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక ముడుచుకుని పడుకుంటున్నారు.

అలాంటప్పుడు లకుముకి పిట్ట ఒక కబురు తెచ్చింది. పెద్దకొండ నెత్తిన, మబ్బులు ఆగే చోట ఓ మడుగుందట. నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయట. ఆ చలినీళ్ళలో ఒంటినిండా ఎర్రచుక్కలున్న చేపలు మందలు మందలుగా తిరుగుతున్నాయట.

నూకరాజు పరుగున పోయి ఎలుగుబంటి బంగారయ్యను లేపాడు. ఆ కొండదారి తెలిసినవాడు బంగారయ్య ఒక్కడే.

"మామా, దారి నీది, వేట నాది. చెరిసగం."

"సగం నేనేం చేసుకుంటానురా అల్లుడూ, నాకు తలకాయలు చాలు. బుట్ట ఉందా?"

"వెదురుబుట్ట ఉంది. నువ్వు వీపున వేసుకోవాలి."

"ఎండకు చేపలు కుళ్ళిపోవూ?"

"అడుగున తడినాచు పరుద్దాం, పైన అడ్డాకులు కప్పుదాం. చల్లపూట నడిచి మిట్టమధ్యాహ్నం గుహలో పడుకుందాం."

"వాన పడితే?"

"పడితే ఇంకేముంది, లోయలో గెడ్డవాగు పొంగి దారి మూసుకుపోతుంది. నా పిల్లలు అప్పటిదాకా ఉండరు. అందుకే రేపే బయల్దేరాలి."

"రేపే. కానీ ఒక్క మాట. శకునం బాగుంటేనే నేను అడుగు వేసేది. మా తాత ఒంటి తుమ్ము లెక్కచేయకుండా తేనెకు పోయి, చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు."

ఈ మాటలన్నీ అవతలి ఒడ్డున పొదలో కూర్చుని నక్క చింతాలు వింది. చింతాలు సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పాలి కదా. ఆవిడకు నీళ్ళంటే భయం. కొండెక్కమంటే కీళ్ళనొప్పులు. ముల్లు గుచ్చుకుంటుందని చేప జోలికే పోదు. పిలిచినా వెళ్ళేది కాదు. పిలవలేదని మాత్రం కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

"వీడు బుట్టెడు చేపలు తెస్తాడు. అడవంతా నూకరాజు, నూకరాజు అని వీడి చుట్టూ మూగుతుంది. నా గుమ్మం ఎవరు తొక్కుతారు?" అని పళ్ళు నూరింది. తన కన్ను ఒకటి పోయినా సరే, పక్కవాడి రెండు కళ్ళూ పోవాలనుకునే రకం అది.

మర్నాడు తెలతెలవారుతుంటే ఇద్దరూ బుట్ట కట్టుకుని బయల్దేరారు. పది అడుగులు వేశారో లేదో, పొదలోంచి చింతాలు తల బయటపెట్టింది.

"ఎక్కడికి మరిదీ, పొద్దున్నే?"

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. బంగారయ్య ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"అడిగేసిందిరా."

"అడిగితే అడిగింది మామా, పోదాం పద."

"ఆ మాట విన్నాక కాళ్ళెలా సాగుతాయి? రేపు చూద్దాం."

రేపు ఇంకో దారిన బయల్దేరారు. చింతాలు చెట్టు చాటునుంచి ఒకే ఒక్క తుమ్ము తుమ్మింది.

"జలుబు చేసింది మరిదీ."

"నిప్పులు చెరిగే ఎండల్లో జలుబేంటి వదినా?"

"నా ఒంటికి కాలం తెలుస్తుందా ఏం?"

బంగారయ్య అప్పటికే వెనక్కి తిరిగాడు. నూకరాజు కాళ్ళమీద పడ్డాడు. "మామా, పిల్లలు దక్కరు."

"చెడు శకునంలో తీసుకుపోయి నిన్ను లోయలో పడేస్తే, వాళ్ళకు తండ్రి కూడా ఉండడురా" అన్నాడు బంగారయ్య, కళ్ళు తుడుచుకుంటూ. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. చింతాలు ఆ పూట కడుపునిండా ఈతపళ్ళు తిని హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం బంగారయ్య ఒక తేనెపట్టు ముక్క పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "ఇది బాలింతకు పెట్టు. చూశావురా, అంతా మన మంచికే. పొద్దున వెనక్కి వచ్చేటప్పుడు మద్దిచెట్టు తొర్రలో కనబడింది. మనం కొండెక్కి ఉంటే కోతులు కొట్టుకుపోయేవి."

అవతల నీళ్ళగుంట దగ్గర దాహం తీర్చుకుంటున్న చింతాలు తటాలున తలెత్తింది. దాని మొహం ఆముదం తాగినట్టయింది. నూకరాజు ఆ మొహం చూశాడు. నీటి మీద గీత చూసి చేప ఎటు మళ్ళుతుందో చెప్పగలిగేవాడు, ఆ మొహంలో ఏముందో కనిపెట్టలేడా? గొంతు పెంచాడు.

"అవును మామా. నిన్న వదిన ఎక్కడికని అడిగిందా, నేను వెనక్కి వస్తుంటే నల్లరాయి కింద దోసెడు పీతలు. ఇవాళ తుమ్మిందా, నీకు తేనె. ఇంక కొండెందుకు, చేపలెందుకు? రోజూ బయల్దేరడం, వదిన చేత అడిగించుకోవడం, వెనక్కి రావడం. ఆవిడది నోరు కాదు, కామధేనువు."

"నిజమేరా. రేపు కూడా తుమ్మితే బాగుణ్ణు" అన్నాడు బంగారయ్య మనస్ఫూర్తిగా.

నూకరాజు మాట చింతాలు నమ్మేది కాదేమో. బంగారయ్యకు అబద్ధం ఆడటం రాదని అడవంతా తెలుసు. ఆ మాటతో దాని కడుపు భగ్గుమంది.

"నేను ముక్కు నొప్పెట్టేలా తుమ్మితే వీళ్ళకు తేనెలు కారుతున్నాయా? నా గొంతుతో నేనే వీళ్ళను మేపుతున్నానా? పోనీ, ఆ కొండకే పోనీ. లోయలో పడి చావనీ. ఆ తొర్రలో మిగిలిన తేనె, ఆ రాయి కింద పీతలు నేను తింటాను." ఆ రాత్రంతా ఇదే గొడవ.

పొద్దున్నే మొహానికి పచ్చమన్ను పసుపులా రాసుకుంది. సొరబుర్ర నిండా నీళ్ళు ముంచి చంకన పెట్టుకుని, నవ్వుతూ ఎదురొచ్చింది.

"క్షేమంగా వెళ్ళి లాభంగా రండి, మరిదీ."

"నిండు నీళ్ళు ఎదురొచ్చాయిరా" అని బంగారయ్య గంతేశాడు.

నూకరాజు కాళ్ళు ఈడ్చాడు. "వదినా, ఒక్కసారి ఎక్కడికని అడగవూ? నీకు పుణ్యముంటుంది."

"నోరు పడిపోయినా అడగను."

"పోనీ ఒక్క తుమ్ము."

"నా ముక్కు, నా ఇష్టం. నడవండి."

బంగారయ్య అల్లుణ్ణి మెడ పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వాళ్ళు మలుపు తిరగ్గానే చింతాలు మద్దిచెట్టు దగ్గరికి ఉరికింది. తొర్రలో తేనె లేదు. తేనె పోయిన కోపంలో ఉన్న ఈగలున్నాయి. వాచిన ముక్కుతో నల్లరాయి దగ్గరికి పోయి గోళ్ళు అరిగేదాకా తవ్వింది. అక్కడ తడి కూడా లేదు.

మూడోనాటికి ఇద్దరూ బుట్టెడు చుక్కల చేపలతో దిగారు. వాళ్ళు గెడ్డ దాటిన పూటే వాన విరుచుకుపడింది. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే అంతే సంగతులు. నూకరాజు పెళ్ళాం రెండు చేపలు తిని పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. మర్నాటికి పిల్లలు గుర్రుమని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పాలకు కొట్టుకుంటుంటే, నూకరాజు గుమ్మంలో కూర్చుని ఆ గొడవ వింటూ ఏడ్చాడు.

చేపలు చూడ్డానికి అడవంతా మూగింది. బంగారయ్య అందరికీ చెప్పాడు. "ఇదంతా మా చింతాలమ్మ చలవ. రెండుసార్లు ఆపింది. మంచి గడియ రాగానే నిండు నీళ్ళతో ఎదురొచ్చింది. ఆ తల్లి లేకపోతే మేం లేం."

అందరూ చింతాలుకేసి తిరిగి దండాలు పెట్టారు. నూకరాజు అన్నిటికన్నా పెద్ద చేప తెచ్చి దాని ముందు పెట్టాడు. చింతాలు వాచిన ముక్కు దాచుకుంటూ, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"మరిదీ, నిజం చెప్పు. ఆ రాయి కింద పీతలు దొరికాయా?"

"లేదు వదినా. ఉత్త రాయి."

ఆ చలవ తనది కాదనడానికి లేదు. కాదంటే శకునాలు ఎందుకు చెడగొట్టిందో చెప్పాలి. చింతాలు ఆ చేప ముందు పెట్టుకుని, తినలేక, పారేయలేక, నవ్వుతూ కూర్చుంది.

మర్నాడు తెల్లారకముందే దాని గుమ్మంలో ముళ్ళపంది నిలబడింది. "చింతాలమ్మా, దుంపలకు పోతున్నాను, ఒక్కసారి ఎదురు రా తల్లీ." దాని వెనక ఉడుము, ఉడుము వెనక అడవిపంది. చింతాలు ఎదురొచ్చింది. నవ్వింది. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి అంది. సాయంత్రానికి వాళ్ళంతా నోళ్ళ నిండా, చేతుల నిండా తెచ్చుకుని, దానికి మళ్ళీ దండం పెట్టి వెళ్ళారు. ఆనాటినుంచి రోజూ అదే పని. నోటితో దీవించాలి, కడుపులో కాలాలి. ఇంతకన్నా ఎవరు వేయగలరు శిక్ష?

పక్కవాడి మీద ఏడిస్తే, ఆ కన్నీళ్ళతో పండేది పక్కవాడి పొలమే.