ఏడో నంబరు చూడి ఎలుక

“మాస్టారూ, ఒక్క కోత పెడితే గంటలో తేలిపోయే సంగతికి వారం రోజులు ఆగడం దేనికండీ?” అని అడిగింది రూతు.

భానుమూర్తి గారు చూడి చిట్టెలుకల మీద పరిశోధన చేసేవారు. వాటికి మత్తిచ్చి ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, కడుపు కోయకుండానే లోపలి పిల్లలు ఎలా ఎదుగుతున్నాయో రెండు మూడు రోజులకోసారి చూడటం ఆయన పద్ధతి. రూతు ఆయన దగ్గర మూడేళ్లుగా ఉన్న శిష్యురాలు. పనిమంతురాలే గాని, తొందర మనిషి.

ఆ శనివారం యంత్రంలో ఉన్నది ఏడో నంబరు ఎలుక. చూలు నిలిచి పన్నెండో రోజు. కడుపులో ఎనిమిది పిల్లలున్నాయి. నెత్తురు పారే చోటల్లా తెర మీద మెరిసేలా మందు ఎక్కించారు. ఏడు పిల్లలకు తల్లి నుంచి ఆహారం అందించే మాయలు తెల్లగా మెరిశాయి. ఎనిమిదోదాని మాయ నల్లగానే ఉండిపోయింది. పిల్ల కూడా తక్కినవాటిలో సగం లేదు. రూతు నోటుపుస్తకంలో ‘ఎనిమిదోది చనిపోయింది’ అని రాసేసింది. సోమవారం పరీక్షకుల ముందు తన పని వివరించాలి. కోసి చూపిస్తే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు. అందుకే ఆ ప్రశ్న.

మాస్టారు పుస్తకం అందుకుని ఆ మాట కొట్టేశారు. ‘మాయలో నెత్తురు కనిపించలేదు’ అని రాసి తేదీ వేశారు.

“కనిపించినంతే రాయమ్మా. ఎలుకను గూట్లో వెచ్చగా ఉంచు” అన్నారు.

రూతుకు ఒళ్లు మండింది. అయినా చెప్పినట్టే చేసింది. సోమవారం పరీక్షకులు ఆ నల్లమచ్చ దగ్గరే ఆగి అడిగారు. “దాని సంగతి ఇంకా తెలియదండీ” అని చెప్పుకోవాల్సి వచ్చింది. మూడేళ్ల చదువు చదివి అనాల్సిన మాట ఇదా అని ఆమె ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు మళ్లీ చూస్తే నల్లటి మాయ అంచున వెంట్రుకంత తెల్లగీత కనిపించింది. రూతు తేదీ వేసి, గీత కనిపించిందని రాసింది. పదిహేడో రోజున ఆ పిల్ల గుండె కొట్టుకోవడం తెర మీద తెలిసింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

ఇరవయ్యో రోజు ఉదయం ఏడో నంబరు ఈనింది. ఎనిమిది పిల్లలు. చివరిది చిక్కుడు గింజంత ఉంది. తోబుట్టువులు నెట్టేస్తున్నా వాటి కిందినుంచే దూరి తల్లి రొమ్ము పట్టుకుంది.

రూతు పరుగున వెళ్లి మాస్టారిని పిలుచుకొచ్చింది. “బతికే ఉందండీ! ఆ రోజు నేను రాసింది తప్పు.”

ఆయన గూటి మీదికి వంగి చివరి పిల్లను చూశారు.

“ఆ రోజే కోసి ఉంటే ఒప్పయ్యేదమ్మా” అన్నారు.