తియ్యబావి

మాబున్ని రెండు రోజులుగా సరిగ్గా అన్నం ముట్టలేదు. కోరుకున్న కాలేజీలో సీటొచ్చింది. ఏడుపు అందుకే.

పట్నంలో ఆర్కిటెక్చర్ చదువు. ఫీజు ఎంతో వినగానే వాళ్లమ్మ వద్దంది. నాయన పీరయ్య మాత్రం దూదేకే మిషను అమ్మేస్తాను, నువ్వు చేరు అన్నాడు. ఆ మిషను పోతే పరుపులు కుట్టే పని పోతుంది, ఇంటిల్లిపాది తిండీ పోతుంది. ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలో ఫీజు లేకుండా డిగ్రీ సీటు ఉంది. దాని పేరెత్తితేనే ఆ పిల్లకు ప్రాణం ఉసూరుమంటోంది.

నాయన సరేనన్నాడు. ఇంకొకరు కూడా సరేనంటే మనసు కుదుటపడుతుందని గుట్ట కింది దర్గాకు పోయింది. దర్గా చూసుకునే ఇమాంసా తాత దగ్గరే చిన్నప్పటి నుంచి తత్వాలు నేర్చుకుంది. పాఠం మానేసి గోడ మీద బొగ్గుతో మేడలు గీస్తూ కూర్చున్నా ఆయన ఏనాడూ కసరలేదు.

అంతా విని తాత ముంత చేతికిచ్చాడు. ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లు అక్కడ ముందు నీళ్లు తోడాలి. ఆయన దువా చదివి, ఆ నీళ్ల మీద ఊది ఇస్తాడు. అవి తాగాకే మాట.

"ఏ బావి నీళ్లు పాపా?"

"తియ్యబావివి తాతా."

వాకిట్లోనే ఉప్పుబావి ఉంది. ఆ ఎండాకాలం తియ్యబావి అడుగంటడంతో అందరూ దానితోనే సరిపెట్టుకుంటున్నారు. ఈ పిల్ల మొండిది. ఇద్దరూ గుట్ట వారనున్న తియ్యబావికి నడిచారు.

మాబున్ని బొక్కెన వదిలింది. తాడంతా అయిపోయినా బొక్కెన నీళ్లకు పైనే వేలాడుతోంది.

తాత తలపాగా విప్పాడు. ఆయన గురువు పోయేముందు తన చేత్తో చుట్టిన పచ్చ తలపాగా అది. నలుగురిలో దాన్ని తీయగా ఎవరూ చూడలేదు. దాన్ని తాడు కొసకు ముడేశాడు.

బొక్కెన నీళ్లను తాకింది. "అందింది తాతా," అంది మాబున్ని. ఆ మొహంలో నవ్వు వచ్చింది.

తాత ఉత్త తల మీద ఎండ పడుతోంది. "నిండినాక బరువుంటాది. తోడమంటావా?"

అప్పుడు చూసింది. గిలక మీద పాతగుడ్డ సాగి, నేత విడిపోతోంది. దూదేకులవాళ్ల పిల్లకు ఆ గుడ్డ ఎంత మోస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. తోడమంటే ఆయన తోడతాడు, నాయన మిషను అమ్మేస్తానన్నట్టే. అందుకే మాబున్నికి భయమేసింది.

ఖాళీ బొక్కెన పైకి లాగేసింది. ముడి విప్పి, తలపాగా మడిచి ఆయన చేతుల్లో పెట్టింది.

దర్గాకు తిరిగొచ్చి ఉప్పుబావి నీళ్లు తోడింది. తాత ఊది ఇచ్చాడు. ఒక గుక్క తాగి, ముంత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుపు ఆగలేదు.

"ఉప్పగా ఉన్నాయి తాతా."

ముంత అందుకుని మిగిలినవి తాత తాగాడు.

"ఉప్పేనమ్మా. కాదని ఎవరు చెప్పినా నమ్మొద్దు."